చిన్న దంతపు బొమ్మ నుంచి ప్రాసాదపు గోడ దాకా: సాక్సనీ ఆస్థాన శిల్పి బాల్తజార్ పెర్మోజర్

జర్మనీలో ఎల్బ నది ఒడ్డున ఉన్న డ్రెస్డెన్ నగరంలో త్స్వింగర్ అనే ప్రాసాద సముదాయం ఉంది. దాని వాయవ్య దిక్కున, పాత కోట బురుజును ఆనుకొని లేచిన వాల్ పవిలియన్ ముందు నిలబడి చూస్తే, గోడ ఎక్కడ ఆగిందో, శిల్పం ఎక్కడ మొదలైందో తేల్చుకోవడం కష్టమవుతుంది. కింది అంతస్తులో మామూలు స్తంభాలు ఉండవలసిన చోట, నడుము దాకా రాతి దిమ్మెగా ఉండి అక్కడి నుంచి మనిషిగా మారిన ఆకారాలు వరుసగా నిలబడి పై కట్టడాన్ని భుజాల మీద మోస్తుంటాయి. వాటిలో ఒకడు పళ్లికిలించి నవ్వుతాడు, ఒకడు బరువుకు మెడ వాల్చి మూలుగుతాడు, మరొకడు పక్కవాడితో ఏదో చెప్పబోతున్నట్టు మొండెం తిప్పుతాడు. భవనపు శిఖరాన హెర్క్యులిస్ భూగోళాన్ని వీపున ఎత్తుకొని వంగి ఉంటాడు. ఈ రాళ్లకు ఊపిరి పోసినవాడు బాల్తజార్ పెర్మోజర్. భవనానికి వాస్తుశిల్పి మాథ్యూస్ డానియల్ పొప్పెల్మన్ అయినా, చూసినవారి మనసులో మిగిలేది ఎక్కువగా పెర్మోజర్ పనే. ఆస్థాన శిల్పి అంటే రాజు కట్టించిన గోడకు అలంకారం అద్దేవాడన్న సాధారణ అభిప్రాయం ఈ ఒక్క గోడ ముందే వీగిపోతుంది.

పెర్మోజర్ 1651లో బవేరియాలోని నేటి ట్రౌన్‌స్టైన్ పట్టణానికి దగ్గరలో కామర్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. పనిలో ఓనమాలు సాల్జ్‌బర్గ్‌లో, శిల్పి వైసెన్‌కిర్ష్నర్ దగ్గర దిద్దుకున్నాడు. ఆ తర్వాత కొంతకాలం వియన్నాలో ఉన్నాడు. అప్పటి జర్మన్ ప్రాంతాలు ముప్పై ఏళ్ల యుద్ధం నుంచి తేరుకుంటున్నాయి. ఆ యుద్ధం 1648లోనే ముగిసినా, పెద్ద పనులు చేయించే దాతలు, ఆ పనులు చేయగల శిల్పశాలలు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఒక తరం పట్టింది. ప్రతిభ గల యువ శిల్పి ఆల్ప్స్ పర్వతాలు దాటి దక్షిణానికి నడవడం అప్పట్లో రివాజు. పెర్మోజర్ కూడా 1675 ప్రాంతంలో ఇటలీ చేరాడు. చాలామంది రెండు మూడేళ్లు ఉండి తిరిగి వచ్చేవారు గాని, అతడు పద్నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాడు. కనుక ఇటలీ అతనికి ఒక యాత్రాస్థలం కాదు, అసలైన విద్యాభ్యాసం జరిగిన చోటు. ఈ తేడాను గమనించకపోతే డ్రెస్డెన్‌లో అతను చేసినదేదీ సరిగా అర్థం కాదు.

వెనిస్, రోమ్, ఫ్లోరెన్స్ నగరాలలో అతని పని సాగింది. అతను ఇటలీ చేరేనాటికి రోమ్‌లోని ప్రసిద్ధ శిల్పి బెర్నీని ఇంకా బతికే ఉన్నాడు, 1680లో కన్నుమూశాడు. ఫ్లోరెన్స్‌లో మెడిచి వంశపు గ్రాండ్ డ్యూక్ మూడవ కోసిమో ఆస్థానం, శిల్పి ఫొజ్జీని శిల్పశాల అతనికి ఆశ్రయమయ్యాయి. ఆ నగరంలోని శాన్ గయెటానో చర్చి ముఖభాగంపై అతను చెక్కిన మూర్తులు నేటికీ ఉన్నాయి. ఆ కాలపు పనిలో మనల్ని ఎక్కువసేపు ఆపేది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న మార్సియస్ పాలరాతి అర్ధశిల్పం. దేవుడైన అపోలోతో సంగీతంలో పోటీకి దిగి ఓడి, బతికుండగానే చర్మం ఒలిపించుకున్న వనచరుడు మార్సియస్. ఆ హింసను పెర్మోజర్ చూపలేదు. తలను ఒక పక్కకు విసిరి, నోరు తెరిచి, జుట్టును మంటలా ఎగయనిచ్చి, బాధ ఒంట్లోకి ప్రవేశించిన క్షణాన్ని మాత్రమే చెక్కాడు. బెర్నీని యౌవనంలో చేసిన ‘నరకానికి పోయిన ఆత్మ’ శిల్పం ప్రభావం ఇందులో స్పష్టం. అయితే బెర్నీని శిల్పంలోని ముఖం ఎదురుగా కనిపించిన దృశ్యానికి భయపడుతుంది. పెర్మోజర్ ముఖం తన దేహానికే తాను తట్టుకోలేకపోతుంది. శరీరం ఎప్పుడూ ఒక కదలిక మధ్యలోనే దొరకాలన్నది ఇటలీ అతనికి నేర్పిన పాఠం. తక్కిన నలభై ఏళ్ల పని ఆ పాఠాన్ని ఒక్కో పదార్థంలో, ఒక్కో కొలతలో పరీక్షించి చూడడమే.

డ్రెస్డెన్ రాజధానిగా గల సాక్సనీ సంస్థానపు పాలకుడు మూడవ యోహాన్ గియోర్గ్ పిలుపు మీద పెర్మోజర్ 1689 ప్రాంతంలో డ్రెస్డెన్‌కు ఆస్థాన శిల్పిగా వచ్చాడు. సాక్సనీ పాలకులను ఎలెక్టర్లు అనేవారు. పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న కొద్దిమంది సంస్థానాధీశులలో వారు ఒకరు. రెండేళ్లకే ఆ ప్రభువు పోయాడు, తర్వాతి ప్రభువు మూడేళ్లకు పోయాడు, 1694లో గద్దెనెక్కిన ఫ్రీడ్రిష్ ఆగస్ట్ చరిత్రలో బలశాలి అగస్టస్‌గా నిలిచాడు. ముగ్గురు ప్రభువులను చూసిన ఆస్థాన శిల్పి బతుకు పూర్తిగా స్వతంత్రమూ కాదు, పూర్తిగా దాస్యమూ కాదు. వృత్తి సంఘాల కట్టుబాట్ల నుంచి ఆస్థానం అతన్ని కాపాడుతుంది, రాయి, దంతం, సహాయకులు అందుబాటులో ఉంటారు. బదులుగా ఏం చెక్కాలో, ఎందుకు చెక్కాలో రాజకార్యం నిర్ణయిస్తుంది. ఎలా చెక్కాలన్నది మాత్రం శిల్పి చేతిలో మిగిలే చోటు. పెర్మోజర్ ఆ చోటును చివరి అంగుళం దాకా వాడుకున్నాడు. తొలి పనులలో ఒకటిగా గ్రోసర్ గార్టెన్ ఉద్యానంలో నిలిపిన హెర్క్యులిస్ శిల్పాలలోనే ఆ సంగతి తెలుస్తుంది. తోటకు అందం కోసం పెట్టిన బొమ్మల్లా అవి కుదురుగా ఉండవు, పనిలో మునిగిన కూలీల్లా ఒళ్లు బిగించి ఉంటాయి.

అతని దంతశిల్పాల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అతని శైలి గుట్టు అక్కడే ఉంది. ఏనుగు దంతం సహజంగానే వంపు తిరిగి ఉంటుంది, మొదట్లో బోలుగా, చివరికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. నిటారుగా, చేతులు చాచి నిలబడే బొమ్మ అందులో ఇమడదు. శిల్పి దంతం వంపును ఒప్పుకొని దానితో పాటు మనిషిని కూడా వంచాలి, నడుము తిప్పాలి, చేతిని ఒంటికి దగ్గరగా తెచ్చుకోవాలి. చాలామంది దంతశిల్పులకు ఇది అడ్డంకి. పెర్మోజర్‌కు ఇదే ఊతమైంది. 1690లలో అతను చేసిన నాలుగు ఋతువుల బొమ్మల వరుసలు డ్రెస్డెన్‌లోనూ బ్రౌన్‌ష్వైగ్‌లోనూ ఉన్నాయి. చిన్నపాటి ఆ బొమ్మల్లో ఒంటి మెలిక పాదం దగ్గర మొదలై భుజం మీదుగా చూపు దాకా ఒకే తీగలా సాగుతుంది. వాటిని ఫోటోలో పక్కన కొలత లేకుండా చూసినవారు నిలువెత్తు రాతి విగ్రహాలనుకుంటే తప్పు లేదు. చిన్న బొమ్మను చిన్నదిగా ఆలోచించకపోవడమే ఆ భ్రమకు కారణం. పెద్ద శిల్పానికి కావలసిన బరువు, నిలకడ, దూరం నుంచి చదవగలిగే ఆకృతి అన్నీ అందులో ముందే ఉన్నాయి. తరువాత త్స్వింగర్ గోడ మీద అతను చేసింది ఇదే దంతపు ఆలోచనను ఇసుకరాతిలోకి పెంచడం అనిపిస్తుంది.

ఆస్థానంలోని స్వర్ణకారుడు యోహాన్ మెల్కియోర్ డింగ్లింగర్‌తో అతని జోడీ యూరప్ కళాచరిత్రలో అరుదైనది. 1704 నాటి ‘డయానా స్నానం’ అనే వస్తువులో దుప్పి కొమ్ముల మీద కాల్సిడోనీ రాతి గిన్నె నిలబడుతుంది, ఆ గిన్నె అంచున పెర్మోజర్ చెక్కిన దంతపు డయానా కూర్చుంటుంది. బంగారం, ఎనామెల్, రత్నాల మెరుపుల నడుమ ఆ తెల్లని చిన్న దేహం ఒక్కటే మెరవదు, కనుకనే చూపు నేరుగా దాని మీదికే పోతుంది. ఈ వస్తువున్న గ్రీన్ వాల్ట్ అనే ఖజానాను అగస్టస్ 1720లలో జనం చూసే ప్రదర్శనశాలగా తీర్చిదిద్దించాడు. తెలుగువారికి ఆ ఖజానాతో ఒక దూరపు చుట్టరికం కూడా ఉంది. పల్నాటి ప్రాంతంలోని కొల్లూరు గనిలో దొరికిందని భావించే ఆకుపచ్చ వజ్రం, పెర్మోజర్ పోయిన పదేళ్లకు సాక్సనీ పాలకుల చేతికి వచ్చి, నేటికీ అక్కడే ఉంది. భారతదేశాన్ని ఎన్నడూ చూడని డింగ్లింగర్ ఔరంగజేబు పుట్టినరోజు దర్బారును నూట ముప్పైకి పైగా చిన్న బొమ్మలతో ఊహించి చేసిన పని కూడా అదే భవనంలో ఉంది. తూర్పు దేశాల సంపద గురించి ఆ ఆస్థానం కన్న కల ఎంత గాఢమైనదో వీటిని చూస్తే తెలుస్తుంది.

ఆ కలకు మరో ముఖం 1724 నాటి పచ్చల మోతగాడి శిల్పం. కొలంబియా నుంచి వచ్చిన మరకతాలు పొదిగినట్టున్న రాతి దిమ్మెను చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ 1581లో సాక్సనీ ఎలెక్టర్‌కు కానుకగా ఇచ్చాడు. దాన్ని ప్రదర్శించడానికి పెర్మోజర్ బేరి చెట్టు కలపతో ఒక నల్లని యువకుణ్ని చెక్కాడు. అతను తాబేటి చిప్ప పళ్లెంలో ఆ పచ్చల దిమ్మెను మోస్తూ ముందుకు నడుస్తుంటాడు. తలమీది కిరీటం, ఒంటి నగలు డింగ్లింగర్ శిల్పశాలవి. ఒంటి మీది పచ్చబొట్లు, ఆభరణాలు అమెరికా మూలవాసుల చిత్రాల నుంచి తీసుకున్నవి కాగా, ముఖం ఆఫ్రికా మనిషిది. రెండు ఖండాల మనుషులను ఒకరుగా కలిపేసి, ఎవరి నేలలో దొరికిన రత్నమో వారి చేతే మోయించిన ఆ దృశ్యం వెనుక వలసపాలన కాలపు నిర్లక్ష్యం ఉంది. శిల్పపు పనితనాన్ని మెచ్చుకుంటూ దాన్ని చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. పనితనం మాత్రం అసాధారణం. కాలి వేళ్ల మీద లేచిన ఆ నడక, వెనక్కి వాలిన మొండెం, తల ఎత్తిన ధీమా చూస్తే, మోతగాడిగా నియమించిన మనిషికి శిల్పి తెలిసో తెలియకో రాజు నడక ఇచ్చాడు.

ఇక త్స్వింగర్. ఇది మొదట నారింజ చెట్లను చలికాలంలో దాచే తోటగా మొదలైంది. పోలెండ్ రాజు కూడా అయిన అగస్టస్‌కు ఆ చెట్ల మీద మక్కువ ఎక్కువ. 1709లో డెన్మార్క్ రాజు రాక సందర్భంగా అక్కడ కట్టిన చెక్క రంగస్థలం ఉత్సవాలకు ఎంతగా పనికొచ్చిందంటే, దాన్ని రాతితో శాశ్వతం చేయాలన్న ఆలోచన పుట్టింది. 1710 నుంచి పొప్పెల్మన్ ఆధ్వర్యంలో పని సాగింది. 1711లో చక్రవర్తి మొదటి జోసెఫ్ మరణించినప్పుడు, కొత్త చక్రవర్తి ఎన్నికయ్యే వరకు సామ్రాజ్య బాధ్యతలు చూసే ప్రతినిధి పదవి అగస్టస్‌కు దక్కింది. వాల్ పవిలియన్ శిఖరాన భూగోళం మోసే హెర్క్యులిస్ వెనుక ఈ కథ ఉంది. ఆకాశాన్ని మోసే అట్లాస్ కాసేపు తప్పుకున్నప్పుడు హెర్క్యులిస్ ఆ బరువును తలకెత్తుకున్నట్టు, చక్రవర్తి లేని వేళ సామ్రాజ్యాన్ని అగస్టస్ మోశాడని ఆ శిల్పం చాటుతుంది. 1719 సెప్టెంబరులో యువరాజుకు, ఆస్ట్రియా రాకుమారి మరియా జోసెఫాకు జరిగిన పెళ్లి ఉత్సవాలు ఈ ఆవరణలోనే జరిగాయి, అప్పటికి కట్టడం పూర్తి కానేలేదు.

రాజకీయ సందేశం అంత సూటిగా ఉన్నప్పుడు శిల్పం సాధారణంగా బిగుసుకుపోతుంది. ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం కింది అంతస్తులోని ఆ మోతగాళ్లు. శిఖరాన ఉన్న హెర్క్యులిస్ ఒక్కడే రాజు తరఫున మోస్తాడు, కింద ఉన్నవారందరూ తమ ఒళ్లు హూనం చేసుకొని నిజంగా భవనాన్ని మోస్తున్నారు. వారి ముఖాల్లో కష్టం ఉంది, ఎకసెక్కం ఉంది, తాగి తూలే వనదేవతల అల్లరి ఉంది. పెర్మోజర్ వారిని ఒకే అచ్చులో పోయలేదు. ప్రతి ఒక్కరికీ వేరే వయసు, వేరే కండ, వేరే గుణం ఇచ్చాడు. స్తంభాలు నిశ్చలంగా ఉంటేనే భవనం నిలబడినట్టు కంటికి అనిపిస్తుందన్నది వాస్తుశాస్త్రపు పాత నమ్మకం. పెర్మోజర్ ఆ నమ్మకాన్ని తిరగేశాడు. బరువు కిందికి దిగుతున్నది, దాన్ని ఎవరో ఇప్పటికిప్పుడు ఆపుతున్నారు అన్న భావన కలిగితేనే కట్టడం సజీవంగా ఉంటుందని ఈ గోడ చూపిస్తుంది.

ఇంత పని ఒక్కడి చేతితో సాధ్యం కాదు. యోహాన్ క్రిస్టియన్ కిర్ష్నర్, బెంజమిన్ తోమే, యువకుడైన పౌల్ ఎగెల్ వంటివారు ఆ శిల్పశాలలో పనిచేశారు. ఏ మోతగాడు ఎవరి చేతి పని అన్న చర్చ నిపుణులలో ఇంకా సాగుతూనే ఉంది. సంతకాల వేటకన్నా విలువైన విషయం మరొకటి ఉంది: ఇంతమంది చేతులు పడినా గోడంతా ఒకే గొంతుతో మాట్లాడుతుంది. అంటే పెర్మోజర్ తన సహాయకులకు ఆకారాలను మాత్రమే గాక, దేహాన్ని చూసే దృష్టినీ నేర్పగలిగాడు. తోమే దగ్గర పని నేర్చుకున్న యోహాన్ యోవాకిమ్ కెండ్లర్ 1731లో మైసెన్ పింగాణీ కర్మాగారంలో చేరి, యూరప్ పింగాణీ బొమ్మకు కొత్త రూపు ఇచ్చాడు. ఎగెల్ మాన్‌హైమ్ ఆస్థానంలో పేరు తెచ్చుకున్నాడు. పింగాణీ బొమ్మ నడుము తిరిగే తీరులో పెర్మోజర్ దంతపు బొమ్మ మెలిక కొనసాగిందంటే అతిశయోక్తి కాదు.

త్స్వింగర్ పని సాగుతుండగానే, వియన్నా నుంచి రాకుమారుడు యూజీన్‌ను కీర్తించే పాలరాతి శిల్పం పని వచ్చింది. 1718 నుంచి 1721 వరకు దాని మీద కూర్చున్న శిల్పికి అది పూర్తయ్యేనాటికి డెబ్బై ఏళ్లు. 1717లో బెల్‌గ్రేడ్‌ను ఒట్టోమన్ల నుంచి గెలిచిన సేనాని యూజీన్. హెర్క్యులిస్‌లా సింహచర్మం ధరించి, ఓడిన తురుష్క సైనికుణ్ని కాలికింద తొక్కి నిలబడతాడు. కీర్తిదేవత బాకా ఊదబోతే, వినయంతో ఆ బాకా నోటిని చేతితో మూస్తాడు. పొగడ్త కోసమే చెక్కించుకున్న శిల్పంలో పొగడ్త వద్దని వారించే ఆ భంగిమ చాలా చిత్రమైనది. అంతకన్నా చిత్రం, కాలికింద నలుగుతున్న శత్రువు ముఖంలో పెర్మోజర్ తన ముఖాన్నే చెక్కుకున్నాడని చెబుతారు. ఆస్థాన శిల్పి స్థానం గురించి ఇంతకు మించిన వ్యాఖ్య రాతిలో మరొకటి దొరకదు. అయితే శిల్పంగా ఇది అతని ఉత్తమ కృతి అనలేం. ఒకే రాతిలో ఇన్ని దేహాలను, ఇన్ని ప్రతీకలను కుక్కినందువల్ల కంటికి విశ్రాంతి లేదు. కింది మనిషి ఒక్కడే మనసులో నిలుస్తాడు. ఇప్పుడిది వియన్నా బెల్వెడేర్‌లో ఉంది.

పెర్మోజర్ కాథలిక్, డ్రెస్డెన్ లూథరన్ నగరం. పోలెండ్ సింహాసనం కోసం అగస్టస్ 1697లో కాథలిక్ మతంలోకి మారినా ప్రజలు మారలేదు. కాథలిక్కులకు ఒక పాత నాటకశాలను ఆస్థాన ప్రార్థనా మందిరంగా మార్చి ఇచ్చారు. దాని కోసం పెర్మోజర్ 1722లో చేసిన ప్రసంగ వేదిక తర్వాత కట్టిన పెద్ద ఆస్థాన చర్చిలోకి చేరింది. మేఘాలు, దేవదూతలు సుడిగాలిలా చుట్టుకున్న ఆ వేదికలో చెక్క అన్న స్పృహ ఎక్కడా కలగదు. దానికన్నా లోతైనవి, మృదువైన లిండెన్ చెట్టు కలపకే ప్రత్యేకమైన లోతు మడతలతో అతను చెక్కిన సెయింట్ అగస్టిన్, సెయింట్ ఆంబ్రోస్ మూర్తులు. నిలువెత్తును మించిన ఆ రెండు విగ్రహాలు ఇప్పుడు బౌట్సెన్ పట్టణ మ్యూజియంలో ఉన్నాయి. వస్త్రాల మడతలు ఎంత ఉప్పొంగినా వృద్ధుల ముఖాలు లోలోపలికి చూస్తుంటాయి. డెబ్బై దాటిన శిల్పి అల్లరి మాని మౌనంలోకి దిగిన క్షణం అది. ఫ్రైబర్గ్ చర్చిలో ఉన్న ఇద్దరు అక్కాచెల్లెళ్ల సమాధి శిల్పాలలో కూడా ఈ గంభీరత కొంత ఉంది.

త్స్వింగర్‌ను ఎల్బ లోయ ఇసుకరాతితో కట్టారు. ఆ లోయలో పోస్టా రాయి గట్టిది, బరువు మోసే చోట్ల వాడతారు. కోటా రాయి మెత్తని రేణువులది, ఉలికి వెన్నలా లొంగుతుంది, కనుక శిల్పాలకు దాన్నే ఎంచుకుంటారు. లొంగే గుణమే దాని బలహీనత. అందులోని బంకమట్టి అంశం తేమకు ఉబ్బి, ఆరి, పొరలుగా రాలుతుంది. దీనికి తోడు నగరపు పొగ, చివరగా 1945 ఫిబ్రవరి బాంబుదాడి. త్స్వింగర్ చాలావరకు శిథిలమైంది, ఆ ఏడాదే మొదలైన పునర్నిర్మాణం 1960ల దాకా సాగింది. అందుకే ఇవాళ ఆవరణలో కనిపించే మూర్తులలో అనేకం నకళ్లు, మిగిలిన అసలైనవాటిలో చాలా భాగం వానకు దూరంగా కప్పు కింద ఉన్నాయి. నకలు చెక్కిన తరతరాల పనివారిని తక్కువ చేయకూడదు. వారు లేకపోతే ఆ గోడే ఉండేది కాదు. అయినా ఉలి గీత ఎక్కడ ఆగాలో ఒకసారి నిర్ణయించిన చేయికి, ఆ గీతను కొలిచి మళ్లీ గీసిన చేయికి మధ్య తేడా దగ్గరగా చూసినప్పుడు తెలుస్తుంది.

నున్నగా గీసిన గడ్డం, పెట్టుడు జుట్టు ఆస్థాన మర్యాదగా ఉన్న రోజుల్లో పెర్మోజర్ గుబురు గడ్డం పెంచుకున్నాడు. అంతటితో ఆగక 1714లో గడ్డాన్ని సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకాన్ని కూడా అచ్చు వేయించాడు. పెళ్లి చేసుకోలేదు. 1732 ఫిబ్రవరిలో, ఎనభై ఏళ్లు దాటాక, డ్రెస్డెన్‌లోనే చనిపోయాడు. ఊరికి పడమరన ఫ్రీడ్రిష్‌స్టాట్‌లోని కాథలిక్ శ్మశానంలో అతన్ని ఖననం చేశారు. సమాధి కోసం శిలువ మీది క్రీస్తును, కింద దుఃఖిస్తున్నవారిని ఇసుకరాతిలో అతను ముందే చెక్కి ఉంచుకున్నాడు. ఎవరి ఆజ్ఞా లేకుండా తన కోసం తాను చేసుకున్న ఆ శిల్పాన్ని, వాన తగలకుండా, ఆ తర్వాత శ్మశానంలోని చిన్న ప్రార్థనా మందిరం లోపలికి మార్చారు.